పెద్ద సాకెట్టు మీద సున్నపు గీత

ఈ బరువు నెత్తికెత్తుకున్న రోజున నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఇప్పుడు ఒక్క నల్లది లేదు. మధ్యలో ఉన్నదంతా దాని కింద బతికిన బతుకే. తిన్నాను. పంటలు తీశాను. పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. పదిమందిలో పెద్దమనిషిగా కూర్చుని ఊరి తగువులు కూడా తీర్చాను. ఏ ఒక్క రోజూ దాన్ని దించి పక్కన పెట్టింది లేదు.

నా పేరు చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. నకరికల్లు దాటాక వచ్చే ఊళ్ళలో ఒకటి అనుకోండి, చాలు. పేరు దాచుకుని ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడమయ్యా అని మీరు అడగొచ్చు. అడగండి. నేనూ అదే అడుగుతున్నాను. అంత ధైర్యమే ఉంటే వ్యవహారం ఈ కాగితం దాకా వచ్చేది కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ వీలు చూసుకునే మీతో చెప్పుకుంటున్నాను.

ముందు ఊళ్ళో నాకున్న పేరు గురించి చెప్పాలి. అన్నిటికీ మూలం అదే.

మా వైపు ‘చెయ్యి మంచిది’ అని ఒక మాట ఉంది. మొదటి విత్తనం ఎవరి చేత్తో వేయించాలి, కొత్త కొట్టులో బోణీ ఎవరి చేత చేయించాలి, కొత్త కోడెలకు ముకుతాడు ఎవరు వేయాలి, ఇవన్నీ చూసుకునేవాళ్ళు. ఒకరి చెయ్యి ధాన్యానికి మంచిదైతే ఒకరిది పశువులకు. నా చెయ్యి ఇనుముకు మంచిదన్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు, మా ఊళ్ళో బావికి ఆయిలింజను పెట్టిన మొదటి ఇల్లు మాదే. అది మొరాయిస్తే నరసరావుపేట నుంచి మేస్త్రీ రావాలి. ఆయన వచ్చేలోగా చేను ఎండిపోయేది. విసుగెత్తి నేనే విప్పడం నేర్చుకున్నాను. విప్పాను, బిగించాను, చేతులు చీల్చుకున్నాను, మళ్ళీ విప్పాను. ఇంజను నా మాట వినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరింట ఇంజను పెట్టినా పానాల పెట్టె నా చేత్తో ఇప్పించుకోవడం ఆనవాయితీ అయింది.

ఇప్పించుకోవడమంటే ఊరికే చేతికందించడం కాదు. వాళ్ళతో పాటు బజారుకు వెళ్ళి నేనే ఏరాలి. ఏరిన పెట్టె నా ఇంట్లోనే ఉండాలి. మంచిరోజు చూసుకుని రెండు చేతులా నేనే ఇవ్వాలి. ఇచ్చాక దాన్ని మళ్ళీ పరీక్ష చేసి చూడకూడదు. తాంబూలంలో పెట్టి ఇచ్చినదాన్ని ఇచ్చినవాడి ముందే లెక్కపెట్టుకుంటామా? అలాంటిదే ఇదీ. అనుమానపడితే చెయ్యి తాలూకు మంచి పోతుందని నమ్మకం.

నమ్మకం సంగతి అలా ఉంచండి. నాకు పనితనం కూడా ఉండేది. ఇంత జరిగాక కూడా ఆ మాట రాస్తుంటే లోపల ఒకడు మీసం దువ్వుతున్నాడు చూశారా. చావడు వాడు.

సాకెట్టంటే తెలియనివారికి చెబుతాను. నట్టు మీద టోపీలా బోర్లించే చిన్న ఉక్కు గిన్నె అది. ఒకవైపు నట్టును పట్టే మూలలుంటాయి, రెండోవైపు పిడి దూర్చే చదరపు బెజ్జం ఉంటుంది. మామూలు పానా నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది, జారితే మూలలు అరిగిపోతాయి. సాకెట్టు చుట్టూరా పట్టుకుంటుంది. అందుకే సొంతంగా ఇంజను చూసుకునే రైతుకు మంచి సాకెట్ల పెట్టె ఉంటే సగం మేస్త్రీ ఇంట్లో ఉన్నట్టే. చిక్కల్లా మంచిది ఏరుకోవడంలో ఉంది. యుద్ధం రోజుల్లో సరైన సరుకు వచ్చేది కాదు. పోత ఇనుముతో చేసి, పైన నికెలు పూత పూసి అమ్మేవాళ్ళు. మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. తెలివితక్కువవాడు మెరుపు చూసి కొంటాడు. నేను గోడ చూసేవాణ్ణి. పోతది బతకాలంటే లావుగా ఉండి తీరాలి. సమ్మెట దెబ్బలు తిన్న ఉక్కు సన్నగా ఉండి కూడా నిలుస్తుంది. తర్వాత ఒక నట్టు మీద బోర్లించి అటూ ఇటూ ఆడించేవాణ్ణి. కదిలిందా, పక్కన పెట్టెయ్యడమే. అంచు మీద ఆకురాయితో ఒకసారి రుద్దేవాణ్ణి. ఆకురాయి జారిపోతే మంచి ఉక్కు, కరిచి పొడి రాలితే మెత్తది. ఆఖరున దారానికి వేలాడదీసి ఇంకో సాకెట్టుతో తట్టి వినేవాణ్ణి. మంచిది కంచుగిన్నె మోగినట్టు సాగి మోగుతుంది. పోతది టక్కుమని ఊరుకుంటుంది. పగులున్నది మోగబోయి జీరపోతుంది. కుండలు కొనే ఆడవాళ్ళు చేసే పనే ఇది, నేనేదో కొత్తగా కనిపెట్టానని కాదు.

యుద్ధం ఆగిపోయిన మరుసటి ఏడు మా కోటయ్య బావ ఇంజను పెట్టాడు. మా మేనత్త కొడుకు. నాకంటే కాస్త పెద్ద. ఒకే పళ్ళెంలో తిని పెరిగాం అంటారే, అలాంటివాళ్ళం. పెళ్ళయి కొన్నేళ్ళయింది, పిల్లలు లేరు. భార్య ఆదెమ్మ, నూజెండ్ల పిల్ల. నన్ను అన్నా అని పిలిచేది. నేను వెళితే కాళ్ళకు నీళ్ళిచ్చి, లోపలికి పోయి, ఏదో ఒకటి పళ్ళెంలో పెట్టుకుని వచ్చేది. మితంగా మాట్లాడే మనిషి.

బావకు పెట్టె ఏరడానికి ఇద్దరం గుంటూరు వెళ్ళాం. నరసరావుపేట దాకా బొగ్గుతో నడిచే బస్సు, అక్కణ్ణుంచి రైలు. మిలిటరీ వాళ్ళు వదిలేసిన సామాను కుప్పలు పోసి అమ్మే కొట్టు ఒకటుంది. అందులో ఆకుపచ్చ రంగు ఇనప పెట్టెల్లో సీమ సాకెట్లు, ఒకే రకానివి రెండు పెట్టెలు దొరికాయి. నా ప్రాణం లేచి వచ్చింది. నా దగ్గరున్నవన్నీ అతుకుల బొంత లాంటి పానాలు. బావకొకటి, నాకొకటి తీసుకుందామన్నాను. బావ సరేనన్నాడు.

ముందు బావ పెట్టె చూశాను. ఒక్కొక్కటి తీసి, తుడిచి, ఆడించి, రుద్ది, మోగించి పెట్టాను. అంతా బంగారం. ఆ లోపు కొట్లో జనం మూగారు. పల్నాటి రైతు ఒకడు దారం కట్టి ఇనుము మోగిస్తున్నాడంటే వింతే కదా. ఒకాయన తన పానా తెచ్చి చూడమన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. నా పెట్టె చూసేటప్పుడు చెయ్యి సామాను మీద ఉంది, కన్ను జనం మీద ఉంది. అన్నిట్లోకీ పెద్ద సాకెట్టు తుప్పు పట్టకుండా పూసిన గ్రీసులో ముద్దగా ఉంది. తుడవాలి. తుడవలేదు. గ్రీసుతోనే తట్టి, ఇదీ మంచిదేనని అందరికీ వినపడేట్టు చెప్పి మూత వేశాను.

ఇంటికొచ్చాక తుడిచాను. దారానికి కట్టి తట్టాను. జీరపోయింది.

తర్వాత కిరసనాయిల్లో ముంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, మా అమ్మ తమలపాకుల పెట్టెలోంచి సున్నం తెచ్చి పలచగా పూశాను. పగులు ఎంత సన్నదైనా అందులో దూరిన కిరసనాయిలు ఊరుకోదు, సున్నం ఆరాక పైకి తేలి చూపిస్తుంది. ఆరింది. తెల్లటి సున్నం మీద తడిగీత ఒకటి, లోపలి మూల దగ్గర మొదలై అంచు దాకా. వెంట్రుకంత గీత.

ఏం చేయొచ్చు? గుంటూరు వెళ్ళి మార్చుకురావచ్చు. అంతే. ఒక పూట ప్రయాణం. ఇప్పటికీ నేను ఆగిపోయేది ఇక్కడే. అంత చిన్న పని. కానీ వెళితే ఆ కొట్టువాడి ముందు, ఆ జనం ముందు, నిన్న మోగించి మంచిదన్నవాణ్ణి నేనే వచ్చి పగిలిందని చెప్పాలి. ఊళ్ళో తెలుస్తుంది. ఇనుముకు చెయ్యి మంచివాడు పగిలినదాన్ని ఏరుకొచ్చాడట అని రచ్చబండ మీద నవ్వుకుంటారు. ఆ నవ్వు ఊహించుకుంటేనే చెవులు కాలాయి.

బావ పెట్టె నా ఇంట్లోనే ఉంది. దసరాకు, ఆయుధపూజ రోజున, నా చేత్తో ఇవ్వాలని మాట. రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటే రంగు.

ఆవేశంలో చేశానని రాయాలని ఉంది. అబద్ధం. తీరిగ్గా ఆలోచించే చేశాను. ఆ పెద్ద సాకెట్టు ఇంజనును రాతికి బిగించే పునాది బోల్టులకు తప్ప దేనికీ పనికిరాదు. వాటిని మేస్త్రీ ఒకసారి బిగించి పోతే మళ్ళీ ముట్టుకోవాల్సిన పని ఉండదు. బావ ఇంజనుకు కొత్తవాడు, అంత లోతుకు దిగడు. పత్తి తీత అయ్యాక గుంటూరు వెళ్ళి విడి సాకెట్టు ఒకటి వెతికి తెచ్చి, ఎవరికీ తెలియకుండా ఆ పెట్టెలో వేసేస్తాను. ఇన్ని అనుకున్నాను. నా పెట్టెలోనే ఉంచుకుని నేనే జాగ్రత్తగా ఉండొచ్చు కదా అని ఒక్కసారి కూడా అనుకోలేదా? అనుకున్నాను. మంచి పెట్టెలో ఒక్క లోటు ఉండటం నాకు నచ్చలేదు. నా పెట్టె నిండుగా ఉండాలి. రాస్తుంటే నాకే రోతగా ఉంది, కానీ ఉన్నది అదే. సున్నం తుడిచేసి, గ్రీసు పూసి, బావ పెట్టెలో పెట్టాను. బావది తీసి నా పెట్టెలో పెట్టుకున్నాను.

ఆయుధపూజ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. రెండు చేతులా ఇచ్చాను. బావ మొహం చూడాల్సింది. మూత తీసి, అన్నిట్లోకీ పెద్దదని కాబోలు, దాన్నే పైకి తీశాడు. గుడ్డతో గ్రీసు తుడిచాడు. తుడిచి, పంచె అంచునున్న దారప్పోగు ఒకటి లాగి దానికి కట్టబోయాడు. నేను నేర్పిన పనే. అప్పుడు మా మేనత్త గడపలోంచి కేకేసింది.

“చెయ్యి మంచోడు ఇచ్చినదాన్ని మోగిచ్చి చూస్తావేందిరా? బుద్ధుందా?”

బావ నాలిక కరుచుకున్నాడు. దారం పారేసి, సాకెట్టును పెట్టెలో పెట్టి, తప్పైందన్నట్టు నా భుజం తట్టాడు. నేను నవ్వాను. అవును, నవ్వాను. అత్త కోడల్ని పిలిచి బొట్లు పెట్టమంది. ఆదెమ్మ వచ్చి పెట్టెకూ, లోపలున్న ఒక్కో సాకెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టింది. అత్త చెప్తేనే పెట్టింది. ఈ మాట మీరు మరిచిపోకండి, ఊళ్ళో అందరూ మరిచిపోయారు.

వానలు వెనకపట్టాయి. మిరప తోటలకు బావి నీళ్ళే దిక్కయ్యాయి. మా వైపు బావులు రాతిలో తవ్వినవి, నీళ్ళు లోతుగా ఉంటాయి. ఇంజను ఒడ్డున పెడితే అంత లోతు నుంచి లాగలేదు కాబట్టి బావి సగం లోతులో రాయి తొలిచి, అరుగులా చేసి, దాని మీద బిగిస్తారు. బావ ఇంజను రోజంతా ఆడి ఆడి అదురుకు పునాది బోల్టులు వదులయ్యాయి. బావ కొత్తవాడని, అంత లోతుకు దిగడని నేను లెక్కలేసుకున్నాను కదా. నేర్చుకున్నాడు. నన్ను చూసే నేర్చుకున్నాడు. పెద్ద సాకెట్టు తీసి నట్టుకు పెట్టి, బలం చాలక పిడికి ఒక గొట్టం తొడిగి, అరుగు అంచున కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. సాకెట్టు రెండు చెక్కలైంది. బావ వెల్లకిలా బావిలోకి పోయాడు. కింద రాయి.

కేకలు విని నా చేలోంచి పరుగెత్తాను. బావిలోకి దిగాను. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి ఆయన్ని నులక మంచానికి కట్టాం. పైనుంచి మోకులు వేసి లాగారు. మిగతా ఇద్దరూ మంచం గోడకు కొట్టుకోకుండా పట్టుకుని మెట్లెక్కారు. నేను అరుగు మీద ఒక్కణ్ణే మిగిలాను. ఒక చెక్క నట్టుకే కరిచి ఉంది. రెండోది కాళ్ళ దగ్గర పడి ఉంది. తీసి చూశాను. విరిగిన చోట సగం మేర కొత్తగా, వెండిలా మెరుస్తోంది. మిగతా సగం పాతబడి నల్లగా ఉంది, ఆ నలుపు అంచున తెల్లటి గీత. నేను పూసిన సున్నం. పగుల్లోకి దిగిన సున్నం తుడిస్తే పోలేదు. ఇనుము గురించి ఏమాత్రం తెలిసినవాడు చూసినా పగులు ముందే ఉందని, ఎవరో దాన్ని చూశారని చెప్పేస్తాడు. నట్టుకున్న చెక్కను పీకి, రెండూ నీళ్ళలోకి విసిరేశాను. అప్పుడు పైకి ఎక్కాను. ముందు సాకెట్టు, తర్వాత బావ. నా వరస అది.

బండి మీద నరసరావుపేట ఆసుపత్రికి బయల్దేరాం. బావకు తెలివి ఉంది. నొప్పి తెలియని స్థితిలో ఉన్నాడేమో, మెల్లగా మాట్లాడాడు. నువ్వు ముచ్చటపడి ఏరి ఇచ్చిన సామాను పగలగొట్టాన్రా అని నాతో చెప్పుకున్నాడు. తప్పు చేసినట్టు చెప్పుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బండి నరసరావుపేట చేరకముందే పోయాడు.

దినాలు కాకముందే ప్రశ్న లేచింది. చెయ్యి మంచోడు ఏరిన ఇనుము, చెయ్యి మంచోడు ఇచ్చిన ఇనుము ఎందుకు పగిలింది? నన్నెవరూ అనుమానించలేదు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ ఉన్నాను, అయినా ఎవరూ నా వైపు చూడలేదు. నా చెయ్యి మంచిదన్నది వాళ్ళకు తేలిపోయిన విషయం. ఇచ్చిన చెయ్యి మంచిదైతే తర్వాత తాకిన చెయ్యి చెడ్డదై ఉండాలి. మేనత్తకు కొడుకు పోయిన దుఃఖం. దాన్ని ఎక్కడో ఒకచోట దించాలి. పూజ మర్నాడు కోడలు బయట చేరిన సంగతి గుర్తొచ్చింది. మర్నాడు కాదు, పూజ పొద్దే చేరి ఉంటుంది, చెప్పకుండా దాచి సామాన్లన్నీ ముట్టుకుంది అంది. మొదట ఏడుపులో అంది. తర్వాత ఏడవకుండా అంది. అమ్మలక్కలు అందుకున్నారు. పెద్దకర్మ నాటికి ఊరంతా అదే మాట.

నేను విన్నాను. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. లోపల ఎక్కడో, చెప్పడానికి సిగ్గు, కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను.

ఆదెమ్మను పుట్టింటికి పంపేస్తున్న రోజున బండి కట్టారు. ఆమె బండి ఎక్కకుండా మా దొడ్లోకి వచ్చింది. నేను ఇంజను పిస్టను విప్పి తుడుస్తున్నాను. ఎదురుగా నా పెట్టె తెరిచి ఉంది, అందులో బావ సాకెట్టు. ఆమె పెట్టెకు దూరంగా, గోడ వారన నిలబడింది.

“అన్నా, ఒక్క మాట అడుగుదామని వచ్చా. నిజం చెప్పు.”

అడగమన్నాను.

“ఇనప సామాను సంగతి నీకు తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఎవురికీ తెలవదు. ఆడమనిషి తాకితే ఇనుము పగులుద్దా?”

నేను గుడ్డ పక్కన పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను.

“ఆ పొద్దు నేను బాగానే ఉన్నానన్నా. మర్నాడే బయట చేరింది. అత్త కాదంటది. అంటా ఉంటే, అంటా ఉంటే, నాకే ఎరుక లేకుండా పోతంది. నువ్వు చెప్పు. నువ్వు కాదంటే కాదనుకుంటా.”

“ఏమోనమ్మా. అట్టాంటివి మనం చెప్పలేం.”

ఆమె బండి వైపు తిరిగింది.

“నీకే తెలవదంటే నావల్లే అయ్యుంటదిలే,” అని వెళ్ళి బండెక్కింది.

ఇంతే జరిగింది. కొట్టలేదు, తిట్టలేదు. ‘పగలదమ్మా’ అని ఒక్క మాట అంటే చాలు. నేను మార్చానని కూడా చెప్పక్కర్లేదు, నా తప్పు నా దగ్గరే దాచుకోవచ్చు, ఆమెను మాత్రం విడిపించొచ్చు. ఆ మాటకు నాకు ఏ నష్టమూ లేదు కదా? ఎందుకు అనలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నానో. పగలదంటే మరి ఎందుకు పగిలిందని అడుగుతుందేమోనని భయం. ఆమె అడిగేది కాదు. అడిగే మనిషి కాదు. ఒక మాట ఖర్చుపెట్టడానికి పిసినారితనం చేసి ఒక మనిషి బతుకు మొత్తం తీసుకున్నాను. బావను చంపింది నా అహంకారం అనుకుంటే, ఆదెమ్మను బతికుండగానే చంపింది దానికంటే నీచమైనది. దానికి పేరు కూడా నాకు దొరకడం లేదు.

ఆ తర్వాత కూడా నా చేత్తో పెట్టెలు ఇప్పించుకుంటూనే ఉన్నారు. వద్దంటే కారణం చెప్పాలి. చెప్పలేక ఇచ్చాను. ప్రతి సాకెట్టునూ సున్నం పూసి మరీ చూసి ఇచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు, నా పేరు ఇంకా పెరిగింది. బావ సాకెట్టు నా దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసింది. ఎప్పుడూ జారలేదు. మంచి ఉక్కు అది. దాన్ని వాడిన ప్రతిసారీ బావ చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది, అయినా వాడాను.

చెప్పాలని ఒకసారి నూజెండ్ల వెళ్ళాను. అప్పటికి మేనత్త పోయింది, ఇక నన్ను ఆపేవాళ్ళు లేరనుకున్నాను. ఆదెమ్మ అన్న ఇంట్లో, వెనక వసారాలో ఉంటోంది. నన్ను చూసి మొహం విప్పారింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. అన్నం తినకుండా పోనివ్వనంది. వంకాయ కూర వండడానికి కూర్చుని వదిన్ని పిలిచింది. వదిన కత్తిపీట తెచ్చుకుని కూర్చుని ముక్కలు కోసి పెట్టి లేచి వెళ్ళింది. ఆదెమ్మ మట్టిచట్టిలో, కర్ర తెడ్డుతో వండింది. పొయ్యి మీద ఇనప పెనం ఉంటే దించమని మళ్ళీ వదిన్నే పిలిచింది. నేను అడగలేదు. వాళ్ళన్నే చెప్పాడు, వచ్చిన దగ్గర్నుంచీ ఇనుము ముట్టుకోదండీ, కొడవలి గానీ సూది గానీ పట్టదు, చిరిగిన చీర కూడా మా ఆవిడే కుట్టాలి, ఎంత చెప్పినా వినదు అని. నా వల్ల ఇంకెవరికీ ఏమీ కాకూడదంటుందట.

అన్నానికి కూర్చున్నాను. చెప్పడానికే వచ్చాను కదా, ఇప్పుడు చెప్పు, అనుకున్నాను. ఆమె మజ్జిగ పోస్తూ మీ ఇంజను బాగా ఆడతందా అన్నా అని అడిగింది. ఆడతందమ్మా అన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఇన్నేళ్ళ తర్వాత, మొన్నీమధ్య, ఆదెమ్మ పోయింది. కబురు వస్తే పెద్దకర్మకు వెళ్ళాను. భోజనాలయ్యాక ఆమె మేనల్లుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పెళ్ళాం పిల్లలున్నవాడు, కొత్తగా ట్రాక్టరు కొన్నాడట. మా ఆదెమ్మత్త ఎప్పుడూ మీ గురించే చెప్పేదండీ అన్నాడు. ఏమనేదని అడిగాను. ఇచ్చిన చెయ్యి మంచిదేరా, బొట్టు పెట్టిన నా చెయ్యే మంచిది కాదు, అందుకే మీ మామ పోయాడు అనేదట. అది చెప్పి, ఇంట్లోంచి సాకెట్ల పెట్టె ఒకటి తెచ్చాడు. ట్రాక్టరుకని తెప్పించాడట. ఎలాగూ వచ్చారు, మీ చేత్తో ఇవ్వండి అన్నాడు.

నా చెయ్యి మంచిది కాదు నాయనా అన్నాను.

నిజం. మొదటిసారి, మనుషుల ముందు, గొంతు విప్పి చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పెద్దలు అట్టాగే అంటారు అన్నారెవరో. కాదు, నిజంగానే చెబుతున్నాను, అన్నాను. ఇంకా నవ్వారు. ఎంత ఒదిగి ఉంటారో చూడండిరా అని ఒకాయన పిల్లలకు చూపించాడు కూడా. తర్వాతి మాట నోటి దాకా వచ్చింది. ఆ మేనల్లుడి మొహం చూశాను. చిన్నప్పట్నుంచీ ఆమె చెప్పిందే నమ్ముతూ పెరిగిన మొహం. మాట వెనక్కి పోయింది. పెట్టె తీసుకుని, రెండు చేతులా ఇచ్చాను. అతను కళ్ళకద్దుకున్నాడు.

నోటితో చెబితే నవ్వుతున్నారు. అందుకే రాస్తున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. పోవాలని కూడా అడగను. ఎవరిని అడగాలి? బావ చివర్లో నాకే క్షమాపణ చెప్పి పోయాడు. ఆదెమ్మ నన్నే పొగిడి పోయింది. తిట్టేవాళ్ళు ఒక్కరైనా మిగిలి ఉంటే బాగుండేది.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు. సాకెట్టు మార్చింది నేను. పగిలిందని తెలిసే మార్చాను. కోటయ్య బావ దానివల్లే పోయాడు. ముక్కలు నీళ్ళలో పారేసింది నేను. ఆదెమ్మ తాకినందుకు ఏమీ కాలేదు. ఆ పొద్దు ఆమె బాగానే ఉంది, ఆమె చెప్పిందే నిజం. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఒక బతుకంతా పట్టింది. రాశాక ఛాతీ మీద ఏదో కాస్త సడలింది. ఆ సుఖం నాకు దక్కకూడదని తెలుసు, అయినా దక్కింది. వినాల్సిన మనిషి వినలేదు. మీరు విన్నారు.